గడ్డాల ఉపదేశి

నలభై ఏళ్లు సెలూన్ నడిపిన పెద్దాయన, జీతం లేని ఉపదేశిగా రెండేళ్లు సేవ చేస్తానని పేరిచ్చి, సముద్రం దాటి ఓ మిషన్ వృద్ధాశ్రమానికి వెళ్లాడు. నోటుపుస్తకం నిండా ప్రసంగాలు రాసుకున్నాడు గానీ అక్కడి భాష ఒక్క ముక్క రాదు. ఆశ్రమం చూసుకునే సిస్టరు తెలుగావిడే. "ప్రసంగాల సంగతి తర్వాత, బాబాయ్ గారూ. ముందు ఈ గడ్డాల సంగతి చూడండి" అంది. ఆయన నొచ్చుకున్నాడు. అయినా రోజూ ఒక్కొక్కరి చుబుకం పట్టుకుని, నురగ పూసి, మన భాషలోనే ప్రసంగం అందుకునేవాడు. గొంతు మీద కత్తి ఉండగా లేచి వెళ్లేదెవరు?

కిటికీ పక్క మంచం మీది తాత వచ్చి ఏడాదైనా ఎవరితోనూ పెదవి విప్పలేదు. ఒకరోజు ప్రసంగమంతా కదలకుండా విని, చెంప తడుముకుని, గబగబా ఏదో అన్నాడు. పెద్దాయనకు కళ్లు చెమర్చాయి.

"ఏమంటున్నాడు సిస్టర్? మనసు కరిగిందా?"

"చెవి కింద నాలుగు వెంట్రుకలు వదిలేశారట. మీకు పని రాదంటున్నాడు." నవ్వుతూనే సిస్టరు కళ్లు తుడుచుకుంది. "ఏడాదికి నోరు విప్పాడండీ!"

పెద్దాయన మొహం జేవురించింది. ఆ నాలుగూ గీసేసి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి మాత్రం తాత గడ్డంలో ఎక్కడో ఒకచోట రెండు వెంట్రుకలు కావాలనే వదిలేస్తున్నాడు. తాత రోజూ నోరారా తిడుతున్నాడు.