కే ఐ అంటే ఇంట్లోకి

తొంభైల చివర్లో డిగ్రీ పూర్తయ్యాక, ఇంట్లో ఖాళీగా కనిపిస్తే పెళ్ళి మాట ఎత్తుతారని భయపడి ఆత్మకూరులో కంప్యూటర్ కోర్సులో చేరాను. ఉదయగిరిలో పొద్దున్నే నెల్లూరు బస్సెక్కి ఆత్మకూరులో దిగేదాన్ని.

బస్టాండు దగ్గర ఎరువుల షాపు పైనున్న మేడగదే మా ఇన్‌స్టిట్యూట్. కంప్యూటర్లు తక్కువ కాబట్టి ఒక్కోదాని ముందు ఇద్దరేసి కూర్చోవాలి. నాకు జంటగా వచ్చింది ఒక అక్క. నాకంటే బాగా పెద్దది. అదే వీధిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేది. పిల్లలంతా టైపు మానేసి కంప్యూటర్ల వైపు పోతుంటే వాళ్ళ ఓనరు, "నువ్వన్నా పోయి అదేందో నేర్చుకోని రామ్మా, లేకుంటే మిషన్లు అమ్ముకోని ఇద్దరం ఇండ్లల్లో కూసోవాల్సిందే" అని పంపించాడట.

అక్క వేళ్ళు కీబోర్డు మీద పడితే వడగళ్ళ వానే. ఒక్కటే ఇబ్బంది. లైను అయిపోగానే ఆమె ఎడమ చెయ్యి, టైపు మిషన్ రోలరును తోసే అలవాటుతో, దానంతటదే లేచి మానిటరు చెంప మీద ఒకటి అంటించేది.

"అమ్మా, అది మిషన్ కాదు, కొట్టొద్దు!" అని సార్ మొత్తుకునేవాడు.

"నేనేడ కొట్టినాను సార్, చెయ్యే పోతా ఉండాది" అనేది.

సార్ నెల్లూరు నుంచి వచ్చే కుర్రాడు. మాకు సి లాంగ్వేజ్ చెప్పేవాడు. ప్రోగ్రాం పనిచేస్తే ఆయనకు చాలదు, చూడ్డానికి మెట్లు మెట్లుగా ఉండాలి. బ్రాకెట్ తెరిస్తే దాని లోపలి లైన్లన్నీ కాస్త కుడికి జరగాలి, మూస్తే మళ్ళీ వెనక్కి రావాలి. లేకపోతే తెర వైపు చూడనైనా చూడడు. నేను ఒక్కో లైను ముందుకూ వెళ్ళి స్పేస్ బార్ కొట్టుకుంటూ కూర్చునేదాన్ని. మా గదిలో మౌస్ లేదు. పైగా మా కీబోర్డులో కిందికి దిగే బాణం కీ చచ్చిపోయింది. పొరపాటున కర్సరు పైకెక్కితే కిందికి రావడం గగనమే.

నా అవస్థ చూడలేక సార్ ఒకరోజు బోర్డు మీద షార్ట్‌కట్లు రాశాడు. కంట్రోల్ నొక్కి ఎక్స్ కొడితే ఒక లైను కిందికి దిగొచ్చు. కంట్రోల్ క్యూ, ఆపైన సి కొడితే ఏకంగా ఫైలు చివరికే. కంట్రోల్ కే బి కొట్టి మొదలూ, కే కే కొట్టి చివరా గుర్తు పెడితే మధ్య లైన్లన్నీ ఒక కట్ట అవుతాయి. ఇక కే ఐ కొడితే కట్టంతా కుడికి జరుగుతుంది, కే యు కొడితే ఎడమకి.

"ఇన్ని ఏడ గుర్తుంటాయక్కా?" అన్నాను.

"మీ ఇంట్లో గొర్రెలుండాయి గదా. ఐ అంటే ఇంట్లోకి తోలు, యు అంటే ఊళ్ళోకి తోలు. అంతే మే!"

ఆ తర్వాత నేను మర్చిపోలేదు. బస్సులో ఒళ్ళోని బ్యాగు మీద కూడా వేళ్ళాడించేదాన్ని. ఒకసారి వింజమూరు పోయే అవ్వ ఒకామె చాలాసేపు నా చేతులే చూసి, "ఏంది పాపా అది, ఎప్పట్నించి ఉండాది?" అని జాలిగా అడిగింది.

"కంప్యూటర్ నేర్చుకుంటా ఉండాను అవ్వా."

"అయ్యో" అని ఆమె తన సంచీ తీసుకుని వెనక సీటులోకి వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు నెల్లూరు నుంచి నవ్వడం తెలియనట్టున్న ఒక పెద్దాయన వచ్చాడు. మా కంప్యూటర్ మీద ముందు అక్క వంతు. మార్కులు కూడి ర్యాంకులు వేసే ప్రోగ్రాం. అందరికంటే ముందే కొట్టేసింది. కట్ట కట్టి ఇంట్లోకి తోలితే, ఒక మెట్టు ఎక్కువ జరిగింది. వెనక్కి తోలుదామని కే నొక్కి యు కొట్టబోయింది. ఆ యు పక్కనే వై ఉంటుంది. వేలు దాని మీద పడింది.

తెర మీద నీలం తప్ప ఏమీ మిగల్లేదు.

"సార్, అంతా పోయినాది!" అంది అక్క. పెద్దాయన వచ్చి చూశాడు. "కే వై కొట్టావమ్మా. కట్ట మొత్తం చెరిగిపోతుంది. తిరిగి రాదు. టైం ఉంది, మళ్ళీ కొట్టుకో" అన్నాడు.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుని, "ప్రభువా" అని మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి గదిలో అందరూ తమ పని ఆపి అటే చూశారు. లైనుకో దెబ్బ చొప్పున మానిటరు కూడా తన వంతు తింది. సార్ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మెట్లన్నీ మొదటినుంచే కుదిరాయి, ఏ షార్ట్‌కట్టూ అక్కర్లేకపోయింది. రన్ చేస్తే ర్యాంకులు వరుసగా వచ్చాయి.

పెద్దాయన ఊరికే వదల్లేదు. "లైన్లు జరిపే కీలు చెప్పమ్మా" అన్నాడు.

"కే ఐ ఇంట్లోకి సార్, కే యు ఊళ్ళోకి."

"మరి కే వై?"

"యమలోకానికి సార్. ఇందాకే పంపించినాను."

ఆయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నా వంతు వచ్చాక నేను ఏ కట్టా కట్టలేదు. బుద్ధిగా స్పేస్ బారే కొట్టుకున్నాను.

ఇద్దరం పాసయ్యాం. కంప్యూటర్ రాకముందే అక్క వాళ్ళ ఓనరు బోర్డు మీద 'కంప్యూటర్ కూడా నేర్పబడును' అని రాయించేశాడు. అది వచ్చిన రోజు నన్నూ పిలిచారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆమెన్ అనీ అనకముందే ఓనరు కొబ్బరికాయ ఎత్తాడు. అక్క ఒక్క ఉదుటున వెళ్ళి కీబోర్డు మీద తన కొంగు కప్పి, "అటు పక్క కొట్టండి సార్, నీళ్ళు పడితే నేనూరుకోను!" అని కేకేసింది.