సగం గీకిన బీరువా

పాత సామాన్ల దుకాణంలో ఏది చూసినా మా చిన్నమ్మ ముందు గోటితో రంగు గీకేది. అడుగున ఇంకో రంగు కనిపిస్తేనే కొనేది. ఇంటికి తెచ్చి ఉప్పుకాగితంతో రుద్ది, పైరంగు సగం పోగానే చెయ్యి దులుపుకునేది.

"ఇగ చాలు. అది ఇన్నేండ్లు బతికినట్టు కనవడాలె గదా" అనేది.

వరంగల్‌లో కాస్త కలిగినవాళ్లందరూ స్టీలు బీరువాలు కొంటున్న రోజులవి. చిన్నమ్మ ఇంట్లో మాత్రం కుట్టుమిషను కాళ్ల మీద తలుపుచెక్క బల్ల, చిరిగిన పట్టుచీరల అంచులతో పరదాలు, రంగు సగం పోయిన చెక్క బీరువా. ఎవరైనా వస్తే చిన్నాయన ఆ బీరువాకు అడ్డంగా నిలబడేవాడు.

ఒక దసరా సాయంత్రం బట్టల దుకాణం వాళ్ల పెద్దమ్మ పండగ ఆనవాయితీగా చేతిలో జమ్మి ఆకు పెట్టి పలకరించడానికి వచ్చి, బీరువాను చూసి ఆగిపోయింది.

"గిది మాదే. పాతగైందని ఆకుపచ్చ రంగేసి అమ్మినం. కింద గీ నీలం మా అత్తమ్మ ఏపిచ్చింది."

చిన్నాయన తల దించుకున్నాడు. చిన్నమ్మ దించుకోలేదు.

"అవునక్కా, మీదే. మీరు గా నీలాన్ని దాచిండ్రు, నేను బయటికి తీసిన."

పెద్దమ్మ ఆ నీలాన్ని తడిమింది. చేతిలోని జమ్మి ఆకు బీరువా మీద పెట్టి, అత్తగారికి మొక్కినట్టే వంగి మొక్కింది.

మర్నాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా కూర్చోనివ్వకుండా చిన్నాయన ముందు బీరువా దగ్గరికి తీసుకుపోయేవాడు.

"మా ఆమె గీకింది. యాడ ఆపిందో చూసిండ్రా?"