గోరు ఆగిన చోటు

పోయిన నెల శంషాబాద్ దగ్గరి ఒక విమాన విడిభాగాల కర్మాగారం వాళ్లు, కొత్తగా చేరిన పిల్లలకు ఈ పని ఇక్కడ మొదలైన తొలి రోజుల సంగతులు నాలుగు చెప్పమని పిలిస్తే వెళ్లాను. బడంగ్‌పేట్‌లో మా ఇంటికి వాళ్లే కారు పంపారు. గేటు దగ్గర గోడకు బిగించిన చిన్న యంత్రం మీద బొటనవేలు పెట్టి ఇంజనీర్లూ, ఊడ్చేవాళ్లూ ఒకే వరసలో లోపలికి పోతున్నారు. వచ్చిన అతిథులూ అలాగే పెట్టాలట. నేను నాలుగుసార్లు పెట్టినా అరిగిపోయిన నా వేలి గీతలు దానికి అందలేదు. చివరికి కాపలా అతను నవ్వి, "వయసైతే గంతే సారూ, జర గీ బుక్కుల సంతకం పెట్టుండ్రి" అని ఒక రిజిస్టరు నా వైపు జరిపాడు.

అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. చెక్క దిమ్మ మీద అల్యూమినియం రెక్క నిలబెట్టిన జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టారు. తిరిగి వస్తూ కారులో, నాకు తెలియకుండానే, ఆ రెక్క అంచు వెంట బొటనవేలి గోరు లాగాను. ఒకచోట గోరు ఆగింది. ఎండలో పెట్టి చూసినా కంటికి కనపడనంత సన్నని గీత.

మా పని చేసినవాళ్లకు ఈ అలవాటు చచ్చేదాకా పోదు. విమానంలో బిగించే ముక్క మీద గీత పడిందా లేదా అని తేల్చడానికి ఎన్ని పరికరాలున్నా ఆఖరి తీర్పు గోరుదే: దాని మీదుగా గోరు జారిపోతే ముక్క మంచిది, ఆగితే ఆ ముక్కను పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే ఆకాశంలో ఏళ్ల తరబడి అదిరి అదిరి ఆ గీతే పగులుగా మారుతుంది. ఈ మాట నాకు పుస్తకాలు నేర్పాయి. మా దగ్గర పనిచేసిన ఒకామెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చిన రెండేళ్లకు, బాలానగర్‌లో ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగం వదిలి, మంఖాల్ వైపు కొత్తగా పెట్టిన ఒక చిన్న కంపెనీలో తనిఖీ అధికారిగా చేరాను. రేకుల షెడ్డు, నాలుగు మిషన్లు, బయట బండరాళ్లు, వానొస్తే మోకాలిలోతు బురద. ఇక్కడ విమానాల ముక్కలు చేస్తామంటే మా బంధువులు నవ్వేవారు. గుంటూరు నుంచి వచ్చిన మా బావగారైతే షెడ్డు చూసి, ఇందులో నాగళ్లు చేసినా నమ్మలేనని వెళ్లిపోయారు. మాకు మాత్రం పొగరుగా ఉండేది. తలమీదుగా విమానం పోయిన ప్రతిసారీ అందరం తలెత్తేవాళ్లం, సొంత పెళ్లి ఊరేగింపు చూసుకున్నట్టు.

మిషన్ మీద కోసిన ముక్క అంచులకు గడ్డిపోచలంత సన్నని లోహపు పొరలు మిగిలిపోతాయి. వాటిని చిన్న ఆకురాయితో గీకి నున్నగా చేసి, పైపైన గీతలున్నాయేమో చూసే బల్ల ఒకటుండేది. ఆ బల్ల దగ్గర పనికి కుదిరిన ఒకామెను షెడ్డంతా మంఖాల్ అక్క అనేది. నాకంటే రెండేళ్లు పెద్దదేమో. ఉన్న రెండెకరాలూ ప్లాట్లయిపోయాక ఊళ్లో ఒకరి కూరగాయల తోటలోకి కూలికి పోతూ, మా దగ్గర ఊడ్చే పనికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ ఒకరోజు, నేను పరీక్షించి పెట్టిన ముక్కను చేతిలోకి తీసుకుని గోరుతో రాసి, "సారూ, ఇది గరుకున్నది" అంది. దీపం కింద పెట్టి చూస్తే నిజమే. నాకు చిన్నతనమనిపించినా నవ్వేశాను. ఆమె మాత్రం, "మీ మిషన్లకు కండ్లున్నయ్ గని గోర్లు లెవ్వు సారూ" అని చీపురు అందుకుంది. మర్నాడే ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టింది నేనే. బియ్యంలో రాయి ఏరిన వేళ్లు, మొలక తెగకుండా కలుపు తీసిన వేళ్లు అవి.

చిక్కల్లా ఒకటే. ప్రతి ముక్క వెంట ఒక అట్ట కార్డు నడుస్తుంది. ఏ చేతిలోంచి పోయిందో ఆ చేతి సంతకం దాని మీద ఉండాలి. వేలిముద్ర చెల్లదని కొనేవాళ్ల షరతు. అందుకని నెల రోజులపాటు మధ్యాహ్నం అన్నాలయ్యాక పాత కార్డుల వెనకవైపు ఆమెతో పేరు దిద్దించాను. "ముసల్దాన్నయినంక బడికి తోలుతున్నరు" అని గొణిగేది. మిషన్ దగ్గరి వాళ్లు, "ఇగ కలెక్టరయితవ్ అక్కా" అంటే, "కలెక్టర్ సంతకం గిట్ల వంకర ఉంటదార?" అని తనే ముందు నవ్వేది. మొదటిసారి అసలు కార్డు మీద సంతకం చేసిన రోజు ఇంటి నుంచి సకినాలు తెచ్చి అందరికీ పంచింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరును ఒకసారి వాడుకున్నాను, అది చాలు.

తన పేరు తప్ప ఆమెకు ఇంకో అక్షరం రాదు. కార్డులో కుడివైపు 'లోపాలు' అనే గడి ఒకటుండేది. ఆమె నోటితో చెప్పేది, నేను రాసేవాణ్ణి. అదీ మా ఏర్పాటు. ఈ పనిలో ఒక పెద్ద ధర్మం ఉంది: లోపం చెప్పినవాడికి శిక్ష ఉండకూడదు, దాచినవాడికే ఉండాలి. ప్రతి సోమవారం పొద్దున్నే అందరినీ నిలబెట్టి ఆ మాట చెప్పింది నేనే.

విదేశీ కంపెనీకి మా మొదటి పెద్ద విడత వెళ్లాల్సిన రోజు వచ్చింది. పన్నెండు ముక్కలు, విమానం తలుపు లోపల బిగించేవి. అవి నెగ్గితే కంపెనీ నిలుస్తుంది, లేకపోతే షెడ్డుకు తాళమే. బయట బండి ఇంజను ఆపకుండా నిలబడింది. అప్పుడు ఆమె ఎనిమిదో ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సారూ, గోరు ఆగుతున్నది."

నేనూ గీశాను. ఆగింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంకో ముక్క చేయాలంటే వారం పడుతుంది. "రంగు కింద పోతుందిలేమ్మా, పెట్టెలో పెట్టు" అన్నాను. ఆమె కదల్లేదు. "రాస్తలేరా?" అంది, గడి చూపిస్తూ. "తర్వాత రాస్తాలే" అన్నాను. "మీరు జెప్తె సరే" అని కార్డు మీద సంతకం చేసి, వెళ్లి ముక్కను పెట్టెలో పెట్టింది. నేను రాయలేదు. మరిచిపోయి కాదు.

నెలన్నరకు, గీత ఉందని ఆ ముక్క తిరిగొచ్చింది. దాని వెంట విచారణకు మనిషి వస్తున్నాడని కబురు కూడా వచ్చింది. మా యజమాని మంచివాడే, కానీ అప్పటికి భయపడి ఉన్నాడు. కార్డు బల్ల మీద పెట్టి మా ఇద్దరినీ పిలిచాడు. ఆమె తొణక్కుండా, "నేను జెప్పిన. సారుకే జెప్పిన" అంది. యజమాని నా వైపు చూశాడు.

నాకు గుర్తు లేదన్నాను.

కొలతలు నావి, పైపై గీతలు ఆ బల్లవి అని కూడా అన్నాను. యజమాని ఖాళీ గడి మీద వేలు పెట్టి, చెబితే ఇక్కడ ఉండాలి కదమ్మా అన్నాడు. ఆమె వంగి ఆ కార్డును చాలాసేపు చూసింది. అందులో ఆమె చదవగలిగింది ఒక్కటే, తన సంతకం. తర్వాత నన్ను చూసింది. తిట్టలేదు. నేను ఇప్పుడైనా నోరు తెరుస్తానేమో అన్నట్టు చూసింది, అంతే. ఆ మర్నాటి నుంచి ఆమెను రానివ్వలేదు. తప్పు దొరికింది, సరిదిద్దాం అని విచారణకు వచ్చినాయనకు కాగితం చూపించాం. కంపెనీ నిలబడింది. ఆ పై ఏడాది నన్ను నాణ్యతా విభాగానికి పెద్దను చేశారు. ఇంట్లో పాయసం చేశారు. తిన్నాను.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, ఇక ఉండబట్టలేక, మంఖాల్ వెళ్లాను. ఆమె ఇంటి ముందు చాటలో పప్పు చెరుగుతోంది. ఒక హాస్టల్లో వంటపనికి పోతోందట. "ఏంది సారూ, తొవ్వ తప్పిన్రా?" అని కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. దారంతా కూడగట్టుకున్న మాటలు పోగా మిగిలింది చెప్పాను: ఆ రోజు నేను అబద్ధమాడానని.

చాట ఆపలేదు. "గది నాకెర్కనే గద సారూ. నాకెందుకు జెప్తున్నరు? ఎర్క లేనోళ్లకు జెప్పుండ్రి" అంది.

అంతలో పక్కింటామె మహిళా సంఘం హాజరు పుస్తకం పట్టుకుని వచ్చింది. సిరా డబ్బా ముందుకు జరపబోయి ఆగి, "నీకు సంతకం వస్తది గద అక్కా?" అంది. "వస్తుండె. ఇప్పుడు రాదు" అని ఆమె బొటనవేలు సిరాలో అద్ది, పుస్తకం మీద ఒత్తి, నూనె తలకు తుడుచుకుని, మళ్లీ చాట అందుకుంది.

అక్కడి నుంచి నేరుగా యజమాని దగ్గరికి పోవలసింది. పోలేదు. పదవీ విరమణకు నాలుగేళ్లే ఉన్నాయనుకున్నాను. తర్వాత మూడేళ్లనుకున్నాను. అలసట కూడా ఒక సాకే, వయసు మళ్లాక అది బాగా అక్కరకొస్తుంది.

ఇప్పుడు కొత్వాల్‌గూడ నుంచి మంఖాల్ దాకా గుట్టలు గుర్తుపట్టలేం. మా రేకుల షెడ్డు చోట అద్దాల భవనం ఉంది. నన్ను పిలిచిన కర్మాగారంలో గీతల్ని కెమెరాలు పట్టేస్తున్నాయి, గోరుతో పని లేదు. అట్ట కార్డులూ లేవు. తెర మీద లోపాల గడి నింపకపోతే పని ముందుకు కదలదట. సంతకం నేర్పే కష్టం అసలే లేదు, చిన్నా పెద్దా అందరిదీ వేలిముద్రే. ఎంత మంచి మార్పో అని మెచ్చుకున్నాను ఆ పిల్లల ముందు. చివర్లో ఒకమ్మాయి లేచి, "సర్, మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి?" అని అడిగింది. ఎరుక లేనివాళ్లు ఎనభై మంది నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. కొలబద్ద తలకిందులుగా పట్టుకుని చూసిన పాత సంగతొకటి చెప్పాను. హాయిగా నవ్వారు.

కారెక్కే ముందు కాపలా అతను మళ్లీ ఆ రిజిస్టరే జరిపాడు. వెళ్లిన వేళ, సంతకం, చివర 'అభిప్రాయం' అని ఒక గడి. వేళ వేశాను, సంతకం పెట్టాను, ఆ గడి వదిలేశాను. ఇంటికొచ్చి జ్ఞాపికను అలమారలో పెట్టబోయి, పెట్టలేక, బల్ల మీదే ఉంచి, ఇదంతా రాయడానికి ఈ కాగితాలు ముందేసుకున్నాను.