పలకరించడానికి వచ్చినవాళ్లు

అంకన్న బోరు దగ్గర కరెంటు షాకు కొట్టి చనిపోయినప్పుడు పక్కన ఉన్నది కూతురు స్రవంతి ఒక్కతే. భార్య రోశమ్మ ఇంటి దగ్గర ఉంది. అందుకే పలకరించడానికి వచ్చినవాళ్లు "ఎట్ల జరిగింది?" అని అడిగినప్పుడల్లా రోశమ్మ, "పాపను అడగండి, అది చూసింది" అని స్రవంతిని బయటికి పిలిచేది.

కొమరోలు పక్క పల్లెల్లో చావింటికి వచ్చిన మనిషికి అంతా మొదటి నుంచి చెప్పాలి. చెప్పకపోతే మర్యాద తప్పినట్టే. ఒకరికి చెప్పి ముగించేసరికి ఇంకో ఆటో వచ్చి ఆగేది. ఇంటర్ చదివే పిల్ల గోడకు ఆనుకుని మళ్లీ మొదలుపెట్టేది. నాయన స్టార్టరు పెట్టె తీసినాడు, చెయ్యి అతుక్కుపోయింది, నేను అరిచినాను. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుని, టీ తాగి, పోతూ పోతూ "ఫ్యూజు పీకాలని తోచల్యా పాపా?" అని ఒక మాట వదిలి పోయేవాళ్లు. ఏడవడానికి వచ్చిన మహానుభావులు ఏడ్చి పోతే ఎంత బాగుండేది!

రోశమ్మ వాళ్లను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ వినాలనే ఉండేది. కడసారి మొగుడు ఎట్లా ఉన్నాడో తెలుసుకోవడానికి ఆమెకు వేరే దారి లేదు. ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకుని వినేది. స్రవంతికి కన్నీళ్లు ఎప్పుడు ఆగిపోయాయో గమనించనే లేదు. "గట్టి పిల్ల" అని అందరూ అంటుంటే కాస్త గర్వపడింది కూడా.

దినాలు అయిపోయాక ఆ గట్టి పిల్ల మాట్లాడటం మానేసింది. పక్క చేలో మోటరు మోగితే చెవులు మూసుకునేది. కాలేజీకి పోలేదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. చివరికి లెక్చరరు చెబితే రోశమ్మ ఆమెను గిద్దలూరులో కౌన్సెలింగ్ చేసే శ్రీదేవి దగ్గరికి తీసుకెళ్లింది.

శ్రీదేవి జరిగినదాని గురించి ఏమీ అడగలేదు. ఎక్కడ కూర్చుంటావు, తలుపు తీసి ఉంచమంటావా అని మాత్రం అడిగింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని రోశమ్మకు విసుగొచ్చింది. "చెప్పమ్మా, నాయన ఎట్ల పోయినాడో మేడంకు చెప్పు" అంది.

స్రవంతి లేచి గోడకు ఆనుకుంది. "నాయన స్టార్టరు పెట్టె తీసినాడు" అని పాఠం అప్పగిస్తున్నట్టు మొదలుపెట్టింది.

"ఆగు తల్లీ. ఇక్కడ అది చెప్పాల్సిన పని లేదు. నీకు చెప్పాలనిపించిన రోజు చెప్పు, అనిపించకపోతే వద్దు" అంది శ్రీదేవి. తర్వాత రోశమ్మను బయటికి పిలిచి మెల్లగా చెప్పింది. "అది చెప్పినప్పుడల్లా ఆ పిల్ల మళ్లీ బోరు కాడే ఉంటాదమ్మా. మళ్లీ అంతా చూస్తాది."

రోశమ్మ మెట్ల మీద కూలబడింది. పిలిచింది తనే కదా! వచ్చిన ప్రతి ఆటోకూ తన నోటితోనే పిలిచింది. ఆ పాపం తలుచుకుంటే ఆ వారమంతా ముద్ద దిగలేదు.

ఆదివారం ఆమె అన్న సుందరరాజు వచ్చాడు. బెంగళూరులో పని చేస్తూ చావుకు రాలేకపోయిన మనిషి. కాళ్లు కడుక్కుని కూర్చోగానే, "యాడ పాప? ఎట్ల జరిగిందో దాని నోటితో ఇనాల" అన్నాడు. లోపల స్రవంతి లేచిన చప్పుడైంది.

రోశమ్మ పోయి వాకిలికి అడ్డంగా నిలబడింది. "అది చెప్పదన్నా. ఇంకెవురికీ చెప్పదు. ఏడవాలంటే నాతో ఏడువు."

"తోడబుట్టినోన్ని, నాగ్గూడా చెప్పకూడదా? ఏందమ్మా ఇది?" అని సుందరరాజు టీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

రోశమ్మ ఆ టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. వెనక నుంచి స్రవంతి వచ్చింది. చాలా రోజులకు నోరు విప్పింది.

"అమ్మా, నాయన ఎట్ల పోయినాడని అందరూ అడిగినారు. నాకు భయమేసిందా అని నువ్వు గూడా అడగల్యా."

రోశమ్మకు కూతురి కాళ్ల మీద పడాలనిపించింది. తను ఏడిస్తే మళ్లీ ఈ పిల్లే ఓదార్చాల్సి వస్తుంది. పళ్లు బిగబట్టి ఏడుపు ఆపుకుంది.

"భయమేసిందా తల్లీ?"

"ఇంగా ఏస్తానే ఉందిమా" అంది స్రవంతి.