మావయ్య చెప్పే ఒకే ఒక్క జబ్బు

లోకంలో ఏ కంప్యూటరు మొరాయించినా మావయ్య చెప్పే జబ్బు ఒక్కటే: లోపలున్న గుండీ బ్యాటరీ. వైరు ఊడినా బ్యాటరీయే, ఎవరైనా కీబోర్డుకి టీ తాగించినా బ్యాటరీయే. పెట్టె విప్పి, కోటు గుండీ అంత ఉండే ఆ బిళ్లను బయటికి తీసి, "పదిహేను నిమిషాలు అందరూ బయటుండండి" అనేవాడు. ఆపరేషన్ చేసే డాక్టరు కూడా అంత దర్జాగా చెప్పడు.

మేనకోడలికి ఇదంతా నవ్వులాట. ఆయన తీసేసిన బ్యాటరీలు దాచే రేకు డబ్బా దింపి, ఓసారి అన్నిటినీ ఛార్జి కొలిచే మీటరు పెట్టి చూసింది.

"మావయ్యా, అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. వీటికేం రోగం?"

"నీకు తెలీదులే" అని డబ్బా లాక్కున్నాడు.

తర్వాత ఆమెకి ప్రింటింగ్ ప్రెస్సులో పని దొరికింది. నెల రోజులు చూసి ఖాయం చేస్తామన్నారు. ఇరవై తొమ్మిదో రోజు చెయ్యి ఊరుకోక, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో దూరి ఏవేవో మార్చింది. మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. మధ్యాహ్నానికి అచ్చుకెళ్లాల్సిన బడిపుస్తకం అందులోనే ఉంది.

"ఎవరు కెలికారు దీన్ని?" అన్నాడు యజమాని. ఆమె తల వంచుకుని కీబోర్డు తుడవసాగింది. చెబితే ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే పక్క సీటాయన మీద పడుతుంది.

ఆ ప్రెస్సు కంప్యూటర్లు బాగుచేసేది మావయ్యే; కబురందుకుని వచ్చాడు. మేనకోడలి మొహం ఒక్కసారి చూసి, పెట్టె విప్పి బ్యాటరీ ఊడబీకాడు.

"పదిహేను నిమిషాలండి. ఈ అమ్మాయిని ఉండనీండి, టార్చి పట్టుకోవాలి."

తలుపు మూసుకోగానే, "నేనే మావయ్యా. సెట్టింగుల్లో వేలు పెట్టాను" అంది.

"తెలుసు. ఇది తీసేస్తే మార్చినవన్నీ అది మరిచిపోయి, మొదట్లో ఎలా ఉందో అలా అయిపోతుంది. దానికి ఐదు నిమిషాలు చాలు."

"మరి పదిహేనెందుకు?"

"మిగతా పదీ మనిషికి. కళ్లు తుడుచుకో."

కంప్యూటరు లేచింది. తేదీ, టైమూ అడిగితే ఆమే సరిచేసింది. పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది.

"ఇంతకీ ఏమైందండీ?" అన్నాడు యజమాని.

"బ్యాటరీ అండి. పాతబడింది."

యజమాని మావయ్య దగ్గరికి జరిగాడు. "పోయినేడు నా గదిలో కంప్యూటరుకీ బ్యాటరీయేగా" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

ఆ రేకు డబ్బాలో ఎంతమంది పరువు భద్రంగా ఉందో ఆమెకి అప్పుడు అర్థమైంది. మావయ్య మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఉద్యోగం ఖాయమైన సాయంత్రం, ఇంటి ముందు మావయ్య స్కూటరు ఎంత తన్నినా కదల్లేదు.

"పెట్రోలు పోయించారా?" అంది అత్తయ్య. మావయ్య నేలచూపులు చూశాడు.

"బ్యాటరీ అత్తయ్యా" అంది మేనకోడలు. "ఓ పదిహేను నిమిషాలు లోపల కూర్చుందాం పద."