పదకొండో గది కవయిత్రికి మాట తిరిగొచ్చిన రోజు

కోవిడ్ రోజుల్లో నేను ఐర్లండ్‌లో స్లైగో ఊరి చివర ఒక నర్సింగ్ హోమ్‌లో పెద్దవాళ్లని చూసుకునే కేరర్‌ని. పదకొండో గదిలో ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ ఉండేవారు. ఆవిడ ఫ్రెంచ్‌లో కవిత్వం రాస్తారనీ, పెద్ద బహుమతి కూడా వచ్చిందనీ మా హోమ్‌లో తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ బహుమతితో వచ్చిన పతకం ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అల్మరాలో, మేజోళ్ల కింద పడి ఉండేది.

ఆవిడ పుట్టింది బెల్జియంలో, బొగ్గుగనుల ఊళ్లో. చిన్నపిల్లల బడిలో టీచరుగా చేస్తూ, అక్కడికి వచ్చిన ఒక ఐరిష్ పశువుల డాక్టరును పెళ్లాడి ఇటు వచ్చేశారు. ఆయన పొలాల వెంట తిరుగుతుంటే ఆవిడ వంటగదిలో కూర్చుని రాసుకునేవారు. ఏళ్ల తరబడి ఎవరూ అచ్చు వేయలేదు. చివరికి పారిస్‌లో ఒక చిన్న ప్రచురణకర్త వేశాడు. అరవై దాటాక బహుమతి వచ్చింది. ఆ వార్త పేపర్లో పడిన రోజు రొట్టె కొనడానికి వెళితే, కొట్టతను "మీకేదో వచ్చిందటగా, గుర్రప్పందేల్లోనా?" అని అడిగాడట. అది చెప్పి ఎంత నవ్వేవారో.

ఊళ్లో ఆవిడ పుస్తకాలు చదవగలిగినవాళ్లు లేరు. కూతురికి కూడా వింటే అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే. నేను తెలుగులో మాట్లాడితే మా అమ్మాయి చేసేదీ అదే.

కోవిడ్ మొదలైన ఏడాది చలికాలం, టీకాలు ఇంకా మా దాకా రాకముందు, ఆవిడకి కోవిడ్ వచ్చింది. డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉండే కూతురు రావడానికి వీల్లేదు. నాలుగు రోజులు జ్వరం కాసింది. ఐదో రోజు జ్వరం తగ్గింది కానీ, ఏదో గొణుగుతున్నారే తప్ప అడిగినదానికి జవాబు లేదు. మా హోమ్‌కి వచ్చే జీపీ డాక్టరు ఫోన్‌లోనే విని, మెదడు దెబ్బతిని ఉండొచ్చు, ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి అన్నాడు. నర్సు ఫోన్ చేస్తే కూతురు ఒకటే మాట అందట: "అమ్మకి మాటలు పోతే ఇంకేం మిగులుతుంది?"

పక్క దుప్పటి మార్చడానికి మాస్కూ షీల్డూ వేసుకుని నేను లోపలికి వెళ్లాను. తల కింద చెయ్యి పెట్టి లేపుతుంటే ఆవిడ నోరు నా చెవి దగ్గరికి వచ్చింది. "జే స్వాఫ్" అన్నారు.

మాది యానాం. మా తాతయ్య ఫ్రెంచ్ వాళ్ల కాలంలో కచేరీలో గుమాస్తాగా చేశారు. వేసవి సెలవుల్లో ఫ్రెంచ్‌లో అడిగితే గానీ మాకు మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చేవారు కాదు. దాహంగా ఉంది అనే ఆ మాట నేనెలా మర్చిపోతాను?

చెంచాతో నీళ్లు పట్టి, వచ్చీరాని ఫ్రెంచ్‌లో "ఇంకా కావాలా మేడమ్?" అన్నాను. ఆవిడ గ్లవ్ వేసుకున్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. హీటర్ తగ్గించమన్నారు. ఇవాళ ఏ రోజని అడిగారు. అచ్చుకి వెళ్లాల్సిన కొత్త పుస్తకం ప్రూఫులు ఇంకా దిద్దలేదని బెంగపడ్డారు.

నేను నర్సు దగ్గరికి పరుగెత్తినంత పని చేశాను. "సిస్టర్, ఆవిడ కలవరించట్లేదు. ఇంగ్లీషు మర్చిపోయి ఫ్రెంచ్ మాట్లాడుతున్నారు. పొద్దున్నుంచీ మంచినీళ్లే అడుగుతున్నారు."

నర్సు రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "అయితే గ్రాండ్," అంది మెల్లగా, అంతా బాగుందని ఇక్కడివాళ్లు అనే మాట. తర్వాత మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

వెంటనే టాబ్లెట్‌లో వీడియో కాల్ చేసి కూతుర్ని కలిపాం. ఆమె ఎన్నేళ్లకో ఫ్రెంచ్‌లో మాట్లాడింది, తడుముకుంటూ. తల్లి మొత్తం విని, అందులో ఒక క్రియ తప్పని దిద్దారు. అవతల కూతురు నవ్వుతూ ఏడ్చేసింది.

డ్యూటీ దిగాక కార్లో కూర్చుని యానాం ఫోన్ చేశాను.

"ఏంటే, గొంతు అలా ఉంది? నీకూ వచ్చిందా ఏంటి?" అంది అమ్మ.

"నాకేం కాలేదమ్మా. మా పెద్దావిడ గండం గడిచింది. తాతయ్య చెప్పిన ఫ్రెంచ్ ముక్కలు పనికొచ్చాయి."

"పోన్లే తల్లీ. ముందు వెళ్లి అన్నం తిను."

పది రోజుల్లో ఆవిడ ఇంగ్లీషు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మా టీ మీద ఫిర్యాదులూ మొదలయ్యాయి. వేసవిలో కూతురు తోటలో పక్కన కూర్చుని చదువుతుంటే ప్రూఫులు దిద్దడం పూర్తి చేశారు. ఆ కట్ట పారిస్‌కి పంపాం. పంపాం అంటున్నాను కానీ, నేను చేసిందల్లా కవరు మీద చిరునామా రాయడమే.