మొహానికి తెలిసిన గుడ్డ

మా పక్కింటి అక్కగారు పోయారు. మిషను మీద మా వీధంతటికీ జాకెట్లు కుట్టిన మనిషి. మొన్న ఉదయం మా అమ్మాయికి కాకినాడలో టీచరు ఉద్యోగం వచ్చిందని ఫోను వస్తే, మొదటి మిఠాయి ఆవిడ నోట్లోనే పెట్టాలని పరుగున వెళ్లాను. వాకిలి నిండా జనం. అప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంత సంతోషం పట్టుకుని ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతున్నాను. చదువు అంతంతమాత్రమే అయినా, ఊరుకోలేక మీకు రాస్తున్నానండి.

మాది మండపేట. అమ్మాయి పదో తరగతిలో రోజూ రైసుమిల్లుల పక్కనుంచే బడికి వెళ్లేది. ఊక దుమ్ము ముక్కుకి తగిలితే చాలు, ఆయాసం. పరీక్షలు పన్నెండు రోజుల్లో ఉన్నాయనగా డాక్టరుగారు మాస్కు కట్టమన్నారు. షాపులో కొన్నది ఒక్కరోజుకే చిరిగింది.

"ఇంటినిండా గుడ్డలుండగా కొనడమేంటి తమ్ముడూ? పట్టుకురా," అన్నారు అక్కగారు.

తువ్వాలు, పాత లంగా, నా టెర్లిన్ చొక్కా పట్టుకెళ్లాను. ఆవిడ తెల్ల పళ్లెం మీద గుడ్డ బిగించి, చిటికెడు పసుపు వేసి వేలితో కొట్టేవారు. పళ్లెం పచ్చబడితే ఆ గుడ్డ అవతలికి. పచ్చబడకపోతే తన ముక్కుకే కట్టుకుని, డాబా మెట్లెక్కుతూ నన్ను తిట్టేవారు. తిట్టు మధ్యలో ఆయాసం వస్తే అదీ పనికిరాదు. తువ్వాలు, లంగా పసుపు దగ్గరే పోయాయి. టెర్లిన్ మూడో మెట్టుకే ఓడిపోయింది.

నాలుగు రోజులు గడిచాయి. నాకు తొందర. పెళ్లిళ్లకి కట్టే గంజి పంచె తీసి పసుపు వేసి చూశాను. రేణువు దిగలేదు. అక్కగారికి చెప్పకుండానే చింపి, నాలుగు మడతలు పెట్టి అమ్మాయికి కట్టి పంపాను. మిల్లు గేటు దగ్గర కూలబడిందట. రిక్షాలో తెచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి.

అమ్మాయి తేరుకున్నాక అక్కగారు ఆ గుడ్డ వేళ్లతో నలిపి చూశారు. "గంజి దుమ్మునీ ఆపుద్ది, ఊపిరినీ ఆపుద్ది. అన్నం తినే మనిషివేనా నువ్వు?"

నేను ఏడ్చేశాను.

"ఏడిస్తే కుట్టడం అయిపోద్దా? జరుగు," అంటూ తన మంచం మీది దిండు గలీబు లాగేశారు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డ. "రోజూ దీనిమీదే మొహం పెట్టి పడుకుంటాం. మొహానికి ఇంతకంటే తెలిసిన గుడ్డ ఏముంటదయ్యా?" లోపలివైపు పాత వాయిలు చీర ముక్క వేశారు. పళ్లెం తెల్లగానే ఉంది. డాబా పైదాకా నన్ను తిడుతూనే ఎక్కారు. అన్ని తిట్లు తిని అంత ఆనందపడ్డవాణ్ణి నేనే అయ్యుంటాను.

ఈసారి అమ్మాయి మొరాయించింది. "బందిపోటులా ఉంటాను అత్తయ్యా, అందరూ నవ్వుతారు."

"నేనూ కట్టుకుంటానే. ఇద్దరు బందిపోట్లని చూసి ఎవడు నవ్వుతాడో చూద్దాం!"

అన్నట్టే పరీక్షలు జరిగినన్నాళ్లూ ఆవిడ మిషను మూసేసి, పూల గలీబు ముక్క ముక్కుకి కట్టుకుని, అమ్మాయి పక్కనే బడిదాకా నడిచారు.

చివరి పరీక్షనాడు నేను మిల్లుల మలుపులో ఎదురుచూశాను. గాలికి ఊక లేచి రోడ్డంతా మసకబారింది. అందులోంచి ముందు మా అమ్మాయి వచ్చింది, జడ ఎగురుతుంటే పరుగెత్తుకుంటూ. వెనకాల దాని పరీక్ష అట్టా, పెన్నులూ గుండెకి హత్తుకుని అక్కగారు నడిచి వస్తున్నారు. మాస్కు పైన ఆ రెండు కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, నవ్వుతూ.